క్రైస్తవ గృహంలో బిడ్డల పెంపకం: రేపల్లె సీమ అనుభవం

(పల్లెటూరి మిషను బడిపంతుళ్ల స్మృతికి అంకితం చేసిన ఉపన్యాస పాఠం)

బిడ్డకు విశ్వాసం నేర్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు క్రైస్తవ సంప్రదాయం మొదటినుంచీ ఇస్తున్న జవాబు ఒకటే: ఇంటిది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఆ పనికి యాజకుణ్ణి నియమించలేదు. తల్లిదండ్రులకే అప్పగించి, కూర్చున్నా నడిచినా పడుకున్నా లేచినా అదే ధ్యాసలో ఉండమంది. తిమోతి విశ్వాసం ఎక్కడ పుట్టిందో చెప్పేటప్పుడు పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి తలుచుకున్నాడు. తండ్రి గ్రీసు దేశస్థుడని తెలుస్తుందే గానీ ఆయన పేరు బైబిల్లో ఎక్కడా లేదు. 1528 ప్రాంతంలో సాక్సనీ పల్లెల సంఘాలను తనిఖీ చేసిన మార్టిన్ లూథర్ అక్కడి జనానికి పరలోక ప్రార్థన కూడా సరిగా రాదని గమనించి, 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. అందులో పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, సంస్కారాల గురించిన పాఠాలు ఉన్నాయి. ఇంటి యజమాని తన ఇంటివారికి వీటిని తేలిగ్గా ఎలా నేర్పాలో చెప్పడానికే రాస్తున్నట్టు ఆ భాగాల శీర్షికల్లోనే పెట్టాడు. పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు, అన్నం ముందు కూర్చున్నప్పుడు చేసుకునే ప్రార్థనలు కూడా చేర్చాడు. పుస్తకం మొత్తం ఒక నమ్మకం మీద నిలబడింది: ఇంటిపెద్దకు చదువు వచ్చు, సాయంత్రం తీరిక ఉంటుంది, అతని మాట ఇంట్లో చెల్లుతుంది.

ఆ పుస్తకాన్ని పట్టుకుని లూథరన్ మిషను కృష్ణా డెల్టాకు వచ్చేసరికి ఈ మూడింటిలో ఏదీ ఇక్కడి ఇంటిపెద్దకు లేదు. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు చోటు చూపించి సాయం చేశాడు. వచ్చీరాగానే హయ్యర్ తెరిచినవి బడులు. బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు, ఆ తరువాత సాల్వేషన్ ఆర్మీవారు పని చేశారు. ఒంగోలు సీమలో 1876-78 కరువు వెన్నంటే బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఉప్పెన తరువాతి దశాబ్దాల్లో గుంటూరు జిల్లా మాలపల్లెలనూ మాదిగపల్లెలనూ తాకింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు ఎక్కువమంది పాలేర్లు, వ్యవసాయ కూలీలు. తెల్లారకముందే కామందు పొలానికి వెళ్లి, చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి బిడ్డను కూర్చోబెట్టి ప్రశ్నోత్తరి ఎలా చెప్పగలడు? చెప్పాలన్నా అక్షరం రాదు.

ఇంటిపెద్ద చేయవలసిన పని బడిపంతులు చేతికి వచ్చింది. రేపల్లె, తెనాలి, బాపట్ల తాలూకాల పల్లెల్లో మిషను బడి అంటే చాలాచోట్ల ఒకే పాక. వారంలో ఆరు రోజులు అది బడి, ఏడో రోజు గుడి. పంతులే ఉపదేశి. పగలు పశువులు కాసే పిల్లలకు రాత్రి లాంతరు పెట్టి ఓనమాలు దిద్దించేవాడూ ఆయనే, జబ్బుపడ్డ ఇంటికి వెళ్లి ప్రార్థన చేసేవాడూ ఆయనే, కోర్టు నోటీసు వస్తే చదివిపెట్టేవాడూ ఆయనే. అతని భార్య ఆడవాళ్లకు కీర్తనలు నేర్పేది. జీతం తక్కువ, అదీ నెలనెలా చేతికొస్తుందన్న నమ్మకం లేదు. చదువు మీద మిషనరీ దొరల నివేదికల్లో అంకెలు కనిపిస్తాయి గానీ, ఈ పంతుళ్ల పేర్లు అరుదుగా కనిపిస్తాయి.

దీనివల్ల పల్లె క్రైస్తవ ఇంట్లో ఒక తలకిందుల పరిస్థితి ఏర్పడింది. లూథర్ ఊహించిన ఇంట్లో తండ్రి చదివితే బిడ్డ వింటాడు. ఇక్కడ బిడ్డ చదివితే తండ్రి విన్నాడు. బడిలో రెండో తరగతి దాటిన పిల్లో పిల్లాడో రాత్రి బుడ్డిదీపం దగ్గర సువార్తలోంచి ఒక భాగం కూడబలుక్కుని చదువుతుంటే, గంజి తాగి వచ్చిన అమ్మానాన్నలు చాపమీద కూర్చుని వినడం రెండు మూడు తరాల పాటు సాగింది. దీని ఫలం చిన్నది కాదు. ఊరికి వెలుపల ఉంచిన వాడలో పుట్టిన బిడ్డకు తన ఇంట్లోనే ఒక గౌరవం దక్కింది. అయితే దీనికో వెల కూడా ఉంది. విశ్వాసం అంటే చదువుకున్నవాడి వ్యవహారమని, తప్పొప్పులు చెప్పవలసింది పంతులో పాస్టరో అని తల్లిదండ్రులకు అలవాటైంది. తమ తాతల నాటి నుంచి వాళ్లకున్న వివేకం, కష్టంలో నిలబడ్డ తీరు, పంచుకు తినే గుణం కూడా బిడ్డకు ఇవ్వదగ్గ ఆస్తేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చదువు రాని తల్లికి ఆసరా అయింది పాట. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైనవారు రాసిన కీర్తనలు రాగతాళాలతో సహా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. లూథరన్లు, బాప్టిస్టులు, తక్కిన సంఘాలవారు కూడా అదే పుస్తకం పాడుకున్నారు. అక్షరం రాని ఆడవాళ్లు నూటికి పైగా కీర్తనలు పల్లవి నుంచి చివరి చరణం దాకా కంఠతా పట్టారు. నాట్లు వేస్తూ పాడారు, ఉయ్యాల ఊపుతూ పాడారు. సిద్ధాంతం, పశ్చాత్తాపం, నిరీక్షణ అన్నీ ఆ పాటల్లోంచే పిల్లల చెవిన పడ్డాయి. ప్రశ్నోత్తరి కంటే కీర్తనే ఈ సీమలో ఎక్కువమందిని పెంచిందంటే అతిశయోక్తి కాదు.

ఇల్లు నేర్పిన ఇంకో పాఠం పిడికెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టేముందు తల్లి బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేస్తుంది. వారాంతానికి పోగైనది ఆదివారం గుడికి పోతుంది, చాలా ఇళ్లలో పిల్ల చేతే. కడుపు నిండని రోజున కూడా ఆ గుప్పెడు తగ్గకపోవడం బిడ్డ కళ్లతో చూస్తుంది. ఇవ్వడం అనే గుణం గురించి ఇంతకు మించిన పాఠం ఏ సండేస్కూలు పుస్తకంలోనూ లేదు. కోత పండుగకు గుడికి వచ్చే గుమ్మడికాయలు, కోడిపుంజులు, ధాన్యం బస్తాల వేలంపాట పిల్లలకు సరదా. వాళ్ల మనసులో నాటుకునేది మాత్రం వంటింటి కుండే.

చదువులో కాస్త చురుకైన పిల్లలను మిషను బోర్డింగులకు పంపడంతో ఇంటికీ బిడ్డకూ మధ్య దూరం పెరిగింది. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు పడ్డాక ఈ ప్రాంతపు పిల్లలు గుంటూరు బోర్డింగులకు వెళ్లిరావడం సులువైంది. 1885లో మొదలై ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ఎదిగిన విద్యాసంస్థ దాకా ఆ దారి సాగింది. గంటకొట్టినట్టు లేవడం, బట్టలు తామే ఉతుక్కోవడం, పంక్తిలో కూర్చుని తినడం, పొద్దున సాయంత్రం ప్రార్థన: బోర్డింగు మనిషిని తీర్చిదిద్దిన తీరు గురించి అక్కడ చదివినవారు గర్వంగా చెప్పుకుంటారు. న్యాయంగానే చెప్పుకుంటారు. కానీ సెలవులకు ఇంటికి వచ్చిన కుర్రవాడు తండ్రి పాలేరుతనానికి సిగ్గుపడిన ఇళ్లు కూడా ఉన్నాయి. బిడ్డ మంచివాడు కావాలంటే ఇంటికి దూరంగా పెంచాలన్న ఆలోచన ఆ బోర్డింగుల్లో పైకి కనిపించకుండా పనిచేసింది.

ఆ ఆలోచన చట్టంగా మారి, దాచుకోకుండా పనిచేసిన చోటు బాపట్లకు దగ్గరలోనే ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి నెలకొల్పిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పేరు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టుది. హాజరు వేయించుకోవడం, పాసు లేకుండా ఊరు దాటకపోవడం పెద్దలకు నియమం. సేవాభావంతో వచ్చినవారు అక్కడ బడి పెట్టారు, పని చూపారు, వైద్యం చేశారు. అదంతా నిజమే. అయినా పుట్టుకతోనే బిడ్డ నేరస్థుడు, తల్లి ఒడి నేరాల బడి అన్న చట్టపు ఊహను వాళ్లు ప్రశ్నించకుండా మోశారు. చట్టం పోయినా ఊరి పేరు మీద పడ్డ మచ్చ పోలేదు. అర్జీలో స్వగ్రామం రాయడానికి వెనుకాడిన తరాలు అక్కడ పెరిగాయి.

స్టువర్టుపురం కథలో తరువాతి అధ్యాయం హేమలతా లవణానిది. ఆమె కవి గుర్రం జాషువ కూతురు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు, గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ల పాటు పంతులుగా పనిచేశాడు. హిందువులు కులం పేర దూరం పెట్టారు. పురాణాలూ కావ్యాలూ పట్టుకున్నాడని క్రైస్తవులూ అనుమానించారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కూతురు నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని పెళ్లాడి, ‘సంస్కార్’ సంస్థ ద్వారా స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఊరివాళ్లను నేరస్థులుగా చూడకుండా వాళ్ల మధ్యే మెలిగింది. తండ్రి విశ్వాసం కూతురికి అదే రూపంలో చేరలేదు. మనిషిని తక్కువగా చూడనివ్వని పట్టుదల మాత్రం చేరింది. క్రైస్తవ తల్లిదండ్రులకు ఇది ఇబ్బందికరమైన ఉదాహరణ. విశ్వాసం, శీలం ఎప్పుడూ కలిసే వారసత్వంగా వస్తాయని బోధించేవారు దీనికి జవాబు వెతుక్కోవాలి. బైబిలు కూడా అలాంటి హామీ ఇవ్వలేదు. కొడుకులను అదుపు చేయని ఏలీని తప్పుపట్టిన గ్రంథమే, లంచం ముట్టని సమూయేలుకు లంచగొండి కొడుకులు పుట్టారని కూడా రాసిపెట్టింది. ఏలీ విషయంలో పెంపకాన్ని నిందించింది. సమూయేలు విషయంలో ఏ కారణమూ చెప్పకుండా వదిలేసింది.

ఇప్పుడు ఆ బడిపంతులు లేడు. మిషను బడులు చాలావరకు మూతపడ్డాయి, లేదా పేరుకు నడుస్తున్నాయి. బిడ్డ ఇంగ్లీషు మీడియం బస్సులో పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. ఇంటర్‌కు వచ్చేసరికి కార్పొరేట్ హాస్టల్. గల్ఫుకో హైదరాబాదుకో వెళ్లిన తండ్రి ఫోన్‌లో కనిపిస్తాడు. సండేస్కూలు ఆదివారం ఒక గంట, వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) పది రోజులు. అంటే లూథర్ ఇంటికి అప్పగించిన పని, పంతులు చేతికి వెళ్లి, ఒక చుట్టు తిరిగి మళ్లీ ఇంటికే వచ్చింది. ఈసారి ఇంటిపెద్దలకు చదువు వచ్చు. తీరిక మాత్రం మళ్లీ లేదు.

ఉన్న సమయంలో పనిచేసేది కుటుంబ ప్రార్థన. అది ఎలా చెడుతుందో పెద్దవాళ్లందరికీ తెలుసు. తండ్రి ప్రార్థన అరగంట సాగుతుంది, మధ్యలో పిల్లలకు పరోక్షంగా చురకలు పడతాయి, పరీక్షలో తప్పిన సంగతి దేవుడికి నివేదించబడుతుంది, చిన్నది తల్లి ఒళ్లో నిద్రపోతుంది. బిడ్డకు అర్థమయ్యేదేమిటంటే ప్రార్థన అనేది ఎదురు చెప్పడానికి వీల్లేని తిట్టు అని. బాగా నడిచే ఇళ్లలో అది పది పదిహేను నిమిషాలు దాటదు. కీర్తనలో రెండు చరణాలు, వంతులవారీగా పిల్లలే చదివే ఒక చిన్న భాగం, అడగాలనిపిస్తే ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన. చదివే భాగం కథ అయితే మంచిది. ఆరేడేళ్ల వాడికి యోసేపు అన్నల అసూయ అర్థమవుతుంది, రోమా పత్రిక అర్థం కాదు. పదేళ్లు దాటాక కంఠత వాక్యాలు పట్టించవచ్చు, బహుమతి ఆశ చూపకుండా. పదమూడు పద్నాలుగేళ్లకు ప్రశ్నలు మొదలవుతాయి. పక్కింటి స్నేహితుడు నరకానికి పోతాడా అని అడిగిన పిల్లను నోరు మూయించిన ఇంట్లో ఆ ప్రశ్న పోదు, ఇల్లు దాటిపోతుంది.

ప్రార్థనలో ఎవరి పేర్లు వస్తాయన్నది కూడా పిల్లలు గమనిస్తారు. గట్టు తగాదాలో పక్క పొలం వాళ్లతో మాటలు లేని రోజుల్లో ఆ ఇంటి జబ్బు మనిషి పేరు తండ్రి నోట వస్తుందా రాదా? ఎఫెసీ పత్రిక పిల్లలకు విధేయత చెప్పిన వెంటనే తండ్రుల వైపు తిరిగి, బిడ్డలకు కోపం పుట్టించవద్దని హెచ్చరించింది. మన ప్రసంగాల్లో మొదటి సగమే ఎక్కువ వినిపిస్తుంది. బెత్తం గురించిన సామెతల గ్రంథ వాక్యానికీ ఇదే గతి పట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బడిలో పంతులు చేయకూడనిది ఇంట్లో తండ్రి వాక్యం పేరుతో చేయడం పిల్లలకు దేవుడి మీద భయాన్నే మిగులుస్తుంది, భక్తిని ఇవ్వదు.

శీలానికి అసలు పరీక్ష ఈ సీమలో బడి రిజిస్టరు దగ్గర వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం వదిలినవారికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు. క్రైస్తవులకు చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారికి బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. అందుకని, ఎస్సీ హోదా పోకుండా, గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న పిల్లలు వేలల్లో ఉన్నారు. బాప్తిస్మపు రిజిస్టరులో సారా, మార్కుల మెమోలో సరస్వతి. ఎనిమిదో ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం వద్దంటుందని ప్రశ్నోత్తరిలో చదివిన పిల్ల, అర్జీ నింపుతున్న తండ్రిని చూసి ఏమనుకోవాలి?

ఈ ఇబ్బందికి తల్లిదండ్రులను తిట్టి ఊరుకోవడం తేలిక. మతం మారినంత మాత్రాన వాడ మారలేదు, కూలి మారలేదు, అంటరానితనం మారలేదు. మనిషి స్థితి మారకుండా కాగితం మీద హోదా తీసివేసిన ఉత్తర్వే అబద్ధానికి దారి తీసిందన్న వాదన బలమైనది. ఆ క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. అయినా బిడ్డ ముందు తల్లిదండ్రులకు మిగిలే పని ఒకటుంది: సంగతి దాచకుండా చెప్పడం. ఏ అన్యాయం వల్ల రెండు పేర్లు వచ్చాయో, ఇంటివాళ్లు ఏ ఇరుకులో ఆ దారి ఎంచుకున్నారో తెలిసిన పిల్ల అబద్ధం ఆడటం నేర్చుకోదు, చరిత్ర నేర్చుకుంటుంది. చెప్పకుండా వదిలేస్తే ఆదివారానికి ఒక నీతి, సోమవారానికి ఒక నీతి అని తనే తేల్చుకుంటుంది.

ఇంతకంటే బరువైన పాఠం తెనాలి దగ్గరి చుండూరులో ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణ కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అలాంటి చోట, శత్రువును ప్రేమించమన్న బోధను బిడ్డకు ఎలా చెప్పాలి? క్షమ అంటే నోరు మూసుకోవడమని నేర్పితే ఆ బోధ బలవంతుడి చేతి పనిముట్టు అవుతుంది. పగను కడుపులో పెట్టుకోకుండానే కోర్టు మెట్లు ఎక్కడం, సాక్ష్యం చెప్పడం, తీర్పు ఎదురుతిరిగినా చేతికి కత్తి తీసుకోకపోవడం చుండూరు బాధితులు చూపించారు. పదహారేళ్ల పాటు మొదటి తీర్పు కోసం ఎదురుచూసిన ఆ పెద్దల ఓర్పును సండేస్కూలు పాఠాల్లో ఎందుకు చేర్చరో అర్థం కాదు. దానియేలు సింహాల గుహ కథ పక్కన దానికి చోటు చాలు.

పెంపకం ఫలితం చివరికి బయటపడేది పెళ్లి దగ్గర. గుంటూరు సీమలో లూథరన్ సంఘాల్లో మాలలు, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా ఉండటం మిషన్ల కాలం నుంచి వచ్చిన విభజన. ఎవరు ఏ పల్లెలో ముందు పనిచేశారన్న దాన్ని బట్టి ఏర్పడ్డ ఆ గీత, సంబంధాలు చూసే వేళ కులపు గీతగానే పనిచేస్తోంది. కమ్మ, రెడ్డి క్రైస్తవుల సంబంధాలు వాళ్ల వాళ్లలోనే. క్రీస్తునందు తేడా లేదని పదిహేనేళ్లు విన్న కొడుకు వేరే కులపు విశ్వాసిని చేసుకుంటానన్నప్పుడు, అదే పాఠం చెప్పిన తల్లి మంచం పడుతుంది. కట్నం సంగతి కూడా అంతే. 1961 నుంచి చట్టం ఉంది, సంఘాల నియమావళుల్లో ఖండన ఉంది. పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు ఆరాధనలో చదువుతారు, అభ్యంతరం ఉన్నవారు చెప్పమని అడుగుతారు. వధూవరుల వయసు, అంతకుముందు పెళ్లి, దగ్గరి చుట్టరికం లాంటివే ఆ అభ్యంతరాల కిందికి వస్తాయి. చేతులు మారిన సొమ్ము గురించి అడిగే పద్ధతి ఇంకా ఏ సంఘపు ఆరాధన క్రమంలోనూ చేరలేదు.